ఇంటి కుక్కయు, పిల్లియు: వాని రోగములు, నడతలు



నన్నయభట్టారకుడు తెనిగించిన భారతములో, ఆదిపర్వము మొదటి యాశ్వాసమున, సరమ యను దేవశునకము కథ కలదు. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా సరమ కొడుకు సారమేయుడు ఆ చోట ఆడుకొనుచుండెను. రాజుగారి తమ్ములు వానిని కొట్టిరి. సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమి యని యడిగెను. అన్నదమ్ములలో ఒక్కరును బదులు చెప్పలేకపోయిరి. ఈ కథను పురాణకాలక్షేపములలో మనమందఱము వినియే యున్నాము. ఐనను వీథిలో కుక్క యొకటి వింతగా నడచినచో మొట్టమొదట మన చేతికి వచ్చునది కఱ్ఱయే. ఆ కఱ్ఱను ఎత్తుటకు ముందు, సరమ యడిగిన ప్రశ్నను మనము ఒకమాఱు వేసికొనవలయునని చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని. ఆ జంతువు అట్లేల చేయుచున్నది?

జంతువునకు మాట లేదు. నడతయే దాని మాట. మనిషికి కడుపు నొచ్చినచో మూల్గును, ఇరుగుపొరుగువారి నెల్ల పిలిచి చెప్పుకొనును. కుక్క తన నొప్పిని చాలవఱకు దాచుకొనును. పిల్లి అంతకన్నను దాచుకొనును. అడవిలో బలహీనముగా కనబడిన ప్రాణి శత్రువు నోట పడును గదా. వేల యేండ్లుగా మన యింట నున్నను ఆ జాగ్రత్త వానిని విడువలేదు. అందువలన వాని రోగము మనకు రోగముగా కనబడదు, దుర్గుణముగా కనబడును. మంచి కుక్క కసరుచున్నదని యొకరును, పిల్లి మంచము క్రింద దూరి పిలిచినను రాకున్నదని యొకరును, ఇన్నాళ్లు బయటికి పోయినది ఇప్పుడు వంటయింటిలో మూత్రము చేయుచున్నదని యొకరును చెప్పుకొందురు. ఈ మూడింటికిని వెనుక ఏదో యొక బాధ యుండవచ్చును.

మా యూర ఒక రైతు ఇంట ఎనిమిదేండ్ల కుక్క యుండెడిది. పసిపిల్లలు దాని చెవులు పట్టుకొని లాగినను కిక్కురుమనని సాధువు. ఒకనాడు ఆ యింటి మనుమడు తల నిమురబోగా, చటుక్కున వాని చేతిని పట్టి వదలెను. చర్మము గీఱుకుపోయెను. పిచ్చి యెత్తినది, చావగొట్టుడని నలుగురు గుమిగూడిరి. ఇంటి యజమానుడు నిదానస్థుడు. పిల్లవానిని వెంటనే ఆసుపత్రికి పంపి సూదులు వేయించెను. అది తప్పక చేయవలసిన పని. కుక్కను చంపనీయక కట్టివేసి పశువైద్యునికి కబురంపెను. ఆయన వచ్చి దాని మూతికి గుడ్డ బిగించి, చెవి తిరుగవైచి చూడగా లోపల పుండుపడి పురుగులు పట్టియున్నవి. పురుగులను తీసి, కడిగి, మందు వేసిరి. పుండు మానినది, దానితో కోపమును పోయినది. ఆ కుక్క మఱి మూడేండ్లు ఆ గుమ్మమును కాచెను. తలను ఒక ప్రక్కకు వంచి మాటిమాటికి విదలించుట, కాలితో చెవిని గోకుకొనుట చెవిరోగమునకు గుర్తులు. అంతకు ముందు వారము దినములుగా అది అట్లు చేయుచున్నట్లు ఇంటివారికి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

ముసలి కుక్క ఉన్నట్టుండి కఱచుటకు చూపు తగ్గుటయో, చెవుడో, కీళ్లనొప్పియో, పుచ్చిన పన్నో కారణమై యుండును. నిద్రించుచున్న అట్టి కుక్కను తట్టి లేపరాదు. పేరు పెట్టి పిలిచి లేపవలెను. పిల్లలకు ఈ యొక్క సంగతి నేర్పినను కాట్లు కొన్ని తగ్గును.

ఇక పిల్లి. నిజము చెప్పవలెనన్న పిల్లిని మనము పెంచము. అది మన యింట నుండును, అంతే. అందుచే దాని బాగోగులు విచారించువాడు లేడు. మగపిల్లి యొకటి మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి, ముక్కి, అఱచి, ఒక్క చుక్కయు రాక లేచిపోవుచున్నచో, ఇంటివారు మలబద్ధమనుకొని ఆముదము పట్టింతురు. అది మలబద్ధము కాదు. మూత్రమార్గము చిన్న రాళ్లచేతనో, జిగురువంటి పదార్థము చేతనో మూసికొనిపోయినది. మగపిల్లికి ఆ మార్గము మిక్కిలి సన్నము. ఒకటి రెండు దినములలో విషము రక్తమున కెక్కి అది చచ్చును. ఆ పూటకాపూటయే వైద్యుని యొద్దకు గొనిపోయినచో నాళముతో మార్గమును తెఱచి బ్రతికించును. పిల్లికి వచ్చు తొందరలలో రేపు చూతములే యనుటకు వీలులేనిది ఇది.

మావంటి శాకాహారుల యిండ్లలో పిల్లికి పెరుగన్నమే ప్రసాదము. పిల్లి జన్మమెత్తినది మాంసము తినుటకే. టారిన్ అను పదార్థము మాంసములోను చేపలోను ఉండును. కుక్క దేహము దానిని తానే చేసికొనగలదు. పిల్లి దేహము చాలినంత చేసికొనలేదు. అది లోపించిన పిల్లికి క్రమముగా చూపు పోవునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను శాస్త్రజ్ఞులు తేల్చిరి. పల్లెలోని పిల్లి మన పెరుగన్నము తిని, ఆ మీద ఎలుకనో తొండనో పట్టుకొని తన లోటు తీర్చుకొనును. పట్టణములో తలుపులు మూసిన మేడయిండ్ల పిల్లికి ఆ దారి లేదు. దానికి చేపయో, మాంసమో, పిల్లుల కొఱకే చేసిన ఆహారమో పెట్టవలెను. పెట్టలేనివారు దానిని బంధించి పెంచుట న్యాయము కాదు. పాలన్నచో పిల్లికి ప్రాణమని లోకవాడుక. పెరిగిన పిల్లులకు పెక్కింటికి పాలు అరుగవు, విరేచనములగును.

మనకు జ్వరము వచ్చినచో మ్రింగు పారాసిటమాల్ బిళ్లను జాలిపడి పిల్లికి వేయువారున్నారు. అది పిల్లికి విషము. ఒక్క బిళ్లతోనే ముఖము వాచి, చిగుళ్లు గోధుమవన్నెకు తిరిగి, ఊపిరియాడక ప్రాణము పోవచ్చును. అట్లే కుక్క మీది పిడుదులను చంపుటకు అమ్ము మందులలో పెర్మెత్రిన్ అనునది కొన్నింటిలో నుండును. కుక్కకు పూసినది మిగిలినదని పిల్లికి పూసినచో పిల్లి వణకి, కొట్టుకొని చచ్చును. కుక్కకు మంచిదైనది పిల్లికిని మంచిదే యనుకొనుట, మనిషికి మంచిదైనది జంతువునకును మంచిదే యనుకొనుట, ఈ రెండు ఊహలవలన చచ్చినన్ని జంతువులు వైద్యము లేక చచ్చియుండవేమో.

పిడుదుల మాట వచ్చినది. తెలంగాణమున వీనినే గోమారులందురు. ఇవి రక్తము త్రాగుటతో పోనీయక, రక్తమున సూక్ష్మజీవులను విడుచును. అప్పుడు కుక్కకు జ్వరము వచ్చును, అన్నము ముట్టదు, చిగుళ్లు తెల్లబడును, ఒక్కొక్కప్పుడు ముక్కునుండి రక్తము కారును. సోమరియైనదని, కాపలా మానినదని మనము తిట్టుచుందుము. ఆరోగ్యముగా నున్న కుక్క చిగురు లేత గులాబివన్నెగా నుండును. ఎంత చదువురాని వాడైనను పెదవి ఎత్తి ఇది చూడవచ్చును. ఎఱుగని కుక్క విషయములో మాత్రము ఇట్టి పని చేయరాదు. రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినన్ని దినములు, రెండు మూడు వారములైనను, మందు నిలుపక వేసినచో ఇది చాలవఱకు కుదురును.

గజ్జికుక్కకు కిరసనాయిలు, ఇంజనులో వాడి తీసిన నల్లనూనె పూయుట మన పల్లెలలో ఆచారమైనది. గజ్జికి కారణము చర్మములో తొలుచుకొనిపోవు కంటికానని పురుగు. నూనె పూసినచో చర్మము కాలును. కుక్క దానిని నాకి విషమును కడుపులోనికి తీసికొనును. నేడు ఒక బిళ్లతోనో, ఒక సూదితోనో పోవు గజ్జికి ఇంత శిక్ష యెందుకు? ఆ మందులైనను వైద్యుడు తూచి యియ్యవలసినవే, అంగడిలో కొని మనమే వేయదగినవి కావు.

కుక్కపిల్లలను చంపు వ్యాధులు రెండు ముఖ్యము. ఒకటి పార్వో, 1978లో తొలిసారి కనుగొనిరి. వాంతులు, దుర్గంధముతో నెత్తురు విరేచనములు, రెండు మూడు దినములలో మరణము. రెండవది డిస్టెంపరు, కండ్లనుండి ముక్కునుండి చీము, దగ్గు, జ్వరము, కొన్నాళ్లకు మూర్ఛలు, దవడ కొట్టుకొనుట, నోట నురుగు. ఈ రెండవ దానిని చూచి పిచ్చికుక్క యనుకొని చంపినవి లెక్కకు మిక్కిలి. రెంటికిని టీకాలు కలవు. ఆఱు మొదలు ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకమాఱు, పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. వేటకుక్కకు వేలు పోసి కొన్నవారును ఈ టీకాకు సందేహించుట చూచితిని.

రోగము కాని నడతలును ఉన్నవి. రేయింబవళ్లు గొలుసుతో కట్టిన కుక్క పిచ్చిగా అఱచును, దరిచేరిన వానిని కఱచును. కట్టినందున కోపమైనదని, కట్టినది కోపిష్ఠియైనందుననే యని మనము తలక్రిందుగా చెప్పుదుము. దినమునకు రెండు మాఱులు త్రిప్పి తెచ్చినచో సగము అఱపు తగ్గును. మూడు వారములు మొదలు మూడు మాసముల లోపల కుక్కపిల్ల ఏ మనుష్యులను, ఏ శబ్దములను చూచునో, వినునో, వానికి జీవితాంతము జంకదు. ఆ వయస్సున చీకటిగదిలో మూసి పెంచిన కుక్క పెద్దదైన పిదప క్రొత్తవారిని చూచి భయముతో కఱచును. భయమే కుక్క కాటులలో చాలవానికి మూలము.

దీపావళినాడు టపాకాయల మ్రోతకు కుక్క యిల్లు విడిచి పారిపోవుట, మూల దూరి వణకుట, పట్టుకొన్న యజమానునే కఱచుట మీకు తెలియును. ఆనాడు దానిని సాయంకాలమునకు ముందే త్రిప్పి తెచ్చి, లోపలి గదిలో తలుపులు మూసి, ఏదైనను ఇంటి శబ్దము వినబడునట్లు చేసి, దాని మానమున దానిని ఉండనీయవలెను. వణకుచున్నదని తిట్టరాదు.

తప్పు చేసిన గంటకు కొట్టుట నిష్ప్రయోజనము. చెప్పు కొఱికిన సంగతి కుక్క అప్పుడే మఱచినది. పిలువగా వచ్చినందుకు కొట్టితివని మాత్రమే దానికి తోచును. మఱునాడు పిలిచిన రాదు. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుంటిని. బెత్తముతో వల్లెవేయించిన పద్యము బెత్తము తీసినంతనే మఱపునకు వచ్చుట యెఱుగుదును. మంచిపని చేసిన క్షణముననే ముద్ద యొకటి పెట్టుట కుక్కకు అర్థమగు వ్యాకరణము.

ఇప్పుడు అసలైన పిచ్చికుక్క సంగతి చెప్పవలెను. ఇంతవఱకు కుక్క పక్షమున మాటాడితిని. ఈ వ్యాధి విషయమున కుక్కకును మనకును ఒకే ప్రమాదము.

సుశ్రుతసంహితలో కల్పస్థానము సప్తమాధ్యాయమున ఈ రోగము వర్ణింపబడినది. తోక, దవడ, మూపులు వ్రేలాడును; చొంగ కారును; కనులు కానక, చెవులు వినక ఎదుటివానిపై బడునని ఆచార్యుడు వ్రాసెను. కఱవబడిన మనిషి నీటిని చూచి భయపడునేని అది జలత్రాసమనియు, వాడు బ్రతుకడనియు చెప్పెను. నేటి వైద్యులును ఆ లక్షణములు పుట్టిన పిదప చేయగలిగినది దాదాపు ఏమియు లేదనియే చెప్పుచున్నారు. పూర్వుల పరిశీలన అంత గొప్పది. ఐతే ఆ గ్రంథములో చెప్పిన చికిత్స, కాచిన నేతితో గాయమును కాల్చుట, నేడు అనుసరింపదగినది కాదు. గుర్తులకు సుశ్రుతుని నమస్కరింతము. చికిత్సకు సూదిని నమ్ముదము.

పిచ్చికుక్క యనగా వీథి వీథి తిరిగి కఱచునదే యని మన తలంపు. రెండవ రకము పిచ్చి యున్నది. అందు కుక్క కఱవదు. మూల చేరును, దవడ వ్రేలాడును, మ్రింగలేదు, చొంగ కారును. గొంతులో ఎముక అడ్డుపడినదని చూచువానికి తోచును. పాపము, దయగలవాడు నోట వ్రేలు పెట్టి వెదకును. అట్లు వెదకరాదు, ఎన్నడును వెదకరాదు. ఆవు, గేదె నోట చొంగ కార్చుచు ఊరక అంబారవము చేయుచున్నప్పుడును మ్రింగిన దేదో అడ్డుపడినదని చేయి పెట్టువారు రైతులలో నున్నారు. మొదట ఆ పశువును కుక్క కఱచెనా యని విచారింపవలెను.

నీళ్లు త్రాగిన కుక్కకు పిచ్చి లేదనుట మఱియొక పొరపాటు. నీటిభయము మనిషికి కలుగు లక్షణము. పిచ్చికుక్క నీళ్లలో నడువగలదు, త్రాగుటకును ప్రయత్నించును. ఎండలవలన పిచ్చి యెత్తుననుటయు నిజము కాదు. ఇది సూక్ష్మజీవివలన, కాటుతోనో గోటి గీఱుతోనో చొంగ గాయమున తగులుటవలన వచ్చును. పిల్లివలనను వచ్చును. ప్రపంచములో ఏటేట సుమారు 59,000 మంది దీనివలన చనిపోవుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ అంచనా. అందు నూటికి 99 మందికి కుక్కవలననే వచ్చినది.

పసరువైద్యుడు నూఱుమందిని బ్రతికించెనని ప్రతి యూరను చెప్పుదురు. ఆలోచింపుడు. కఱచిన కుక్కలలో ఎక్కువవానికి పిచ్చి యుండదు. పిచ్చిలేని కుక్క కఱచినవాడు పసరు వేసినను బ్రతుకును, వేయకున్నను బ్రతుకును. కాకి వ్రాలగా తాటిపండు పడుట వంటిదే ఆ యశస్సు. నిజముగా పిచ్చియున్న కుక్క కఱచినవాడు ఆ పసరును నమ్మి కూర్చుండి, ఒకటి మొదలు మూడు మాసములలో, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటియు, జలత్రాసముతో చనిపోవును. అప్పటికి కాటు సంగతి ఊరివారు మఱతురు. పసరువాని కీర్తికి మచ్చ యంటదు.

కుక్క గాని పిల్లి గాని కఱచినను, గోటితో రక్తము వచ్చునట్లు గీఱినను చేయవలసినది చెప్పెదను. ధారగా పడు నీటిక్రింద సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. గడియారము చూచుకొని కడుగుడు; 15 నిమిషములు మనమనుకొన్నదానికన్న దీర్ఘము. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి ఏదియు అద్దరాదు. కట్టు బిగింపరాదు. అదే దినమున ప్రభుత్వాసుపత్రికి పోవలెను. పూర్వము బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు పొడిచెడివారు. ఆ మందును మన దేశమున 2004లో మానివేసిరి. ఆ భయముతో ఇప్పటికిని పోనివారున్నారు. నేడు భుజమున చర్మములో వేయునది కాటుబడి పోయిన దినమున, 3వ, 7వ, 28వ దినములలో. కండలో వేయునదైన 14వ దినమునను ఒకటి చేర్చి అయిదు. రక్తము వచ్చిన గాయమునకు వీనికి తోడు గాయము లోపలనే మఱియొక మందు వేయుదురు. దానిని అడిగి వేయించుకొనవలెను. మొదటి సూదితో నొప్పి తగ్గినదని మిగిలినవి మానరాదు.

ఫ్రాన్సు దేశమున పాశ్చర్ పండితుడు 1885 జూలై 6వ తేదీని పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునికి తన టీకా వేసి బ్రతికించెను. అందులకే ఆ తేదీని జంతువులనుండి మనుష్యులకు వచ్చు వ్యాధుల దినముగా జరుపుచున్నారు. మన జిల్లాలలో పలు పశువైద్యశాలలయందు ఆనాడు కుక్కలకు ఉచితముగా టీకా వేయుదురు. మూడవ మాసము నిండగానే మొదటి టీకా, వైద్యుడు చెప్పిన గడువున రెండవది, ఆ పిమ్మట ఏటేట. పిల్లికిని వేయవచ్చును.

ఊరికుక్కల విషయమున పంచాయతీలోని పెద్దలకు ఒక మనవి. చంపించినంత మాత్రమున కుక్కలు తఱుగవు. ఆ కుప్పతొట్టి యున్నంతకాలము పొరుగూరి కుక్కలు వచ్చి చేరును, వానికి టీకా లేదు. ఊరిలోని కుక్కలలో నూటికి 70కి టీకా వేసినచో వ్యాధి ప్రాకుట ఆగునని శాస్త్రజ్ఞుల లెక్క. 2023 నాటి కేంద్ర నిబంధనలు వీథికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్సయు టీకాయు చేయించు బాధ్యతను స్థానిక సంస్థలపైననే ఉంచినవి. కూడిన సభలో ఈ విషయము నొకమాఱు ఎత్తి, పశువైద్యుని పిలిపించి, తేదీ నిర్ణయింపుడు.

కఱచిన కుక్కను వెంటనే చంపరాదు. అది తెలిసిన కుక్కయై, చిక్కినచో, విడిగా కట్టి 10 దినములు చూడవలెను. కఱచునప్పటికే చొంగలో వ్యాధి యున్న కుక్క ఆ లోపల మంచము పట్టును లేదా చచ్చును; పదియవ దినము దాటి చక్కగా తినుచు తిరుగుచున్నచో ఆ కాటువలన భయము లేదు, మిగిలిన సూదుల సంగతి డాక్టరు చెప్పును. చూతమని సూదిని మాత్రము ఆపరాదు. రెండును ఒకేసారి జరుగవలెను. ఆ పది దినములును ఇంటిలో పెద్దవా డొక్కడే దానికి అన్నము, నీళ్లు కఱ్ఱతో ముందునకు జరిపి పెట్టవలెను. పిల్లలను ఆ ప్రక్కకు పోనీయరాదు.